అభివృద్ధి రుణాలలో వ్యూహాత్మక పర్యావరణ మదింపు

బ్రెజిల్ పడమటి అంచున, బొలీవియా సరిహద్దును ఆనుకుని రొండోనియా అనే రాష్ట్రం ఉంది. 1970లో అక్కడి జనాభా లక్షకు కాస్త పైన. కుయబా నుంచి పోర్టో వెల్యో దాకా సుమారు 1,500 కిలోమీటర్ల మట్టిరోడ్డు ఒక్కటే ఆ అడవికి దారి. వానాకాలం వచ్చిందంటే లారీలు రోజుల తరబడి బురదలో దిగబడిపోయేవి. ఆ రోడ్డుకు తారు వేయడానికి, దాని పొడవునా రైతు కుటుంబాలకు భూమి పంచి నిలబెట్టడానికి 1981లో ప్రపంచ బ్యాంకు అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఆ కార్యక్రమం పేరు పొలొనొరొయెస్తె. అప్పు మొత్తం 40 కోట్ల డాలర్లకు పైనే. 1984 నాటికి తారు పని పూర్తయింది, దక్షిణ రాష్ట్రాల నుంచి బస్సులు కదిలాయి. 1991 జనగణన వచ్చేసరికి రొండోనియా జనం 11 లక్షలు దాటారు.

వచ్చినవాళ్లకు దక్కిన భూమిలో చాలాభాగం సారం లేనిది. అడవి నరికి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి, నేల పనికిరాకుండా పోయాక దాన్ని పశువుల ఆసామికి అమ్మి మరో ముక్క అడవిలోకి జరగడం అక్కడ బతుకుతెరువైపోయింది. మలేరియా విజృంభించింది. ఆదివాసుల నేలల్లోకి ఆక్రమణదారులు చొరబడ్డారు. విచిత్రమేమిటంటే అప్పు పత్రాల్లో ఆదివాసుల రక్షణకు, ఆరోగ్యానికి, అడవుల పరిరక్షణకు పద్దులు లేకపోలేదు. ఇంజనీర్లు రోడ్డు కూడా బాగానే వేశారు. ఆ రోడ్డు పడితే దేశంలో ఎక్కడెక్కడి జనం కదులుతారు, భూమి ధర ఏమవుతుంది, పశువుల పెంపకానికి ప్రభుత్వం ఇస్తున్న రాయితీలు అడవిని ఏం చేస్తాయి అన్న లెక్క మాత్రం ఎవరి బల్ల మీదా లేదు.

ఆ లెక్కను అప్పుకు ముందే వేయించే పద్ధతినే వ్యూహాత్మక పర్యావరణ మదింపు అంటారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎస్‌ఈఏ. మనకు బాగా తెలిసిన పర్యావరణ ప్రభావ మదింపు, అంటే ఈఐఏ, ఒక ఆనకట్టనో సిమెంటు ఫ్యాక్టరీనో ముందు పెట్టుకుని అది చుట్టుపక్కల ఏం చేస్తుందో చూస్తుంది. ఎస్‌ఈఏ అంతకు ఒక మెట్టు పైన, ఆ ఆనకట్టను పుట్టించిన విధానాన్ని, ప్రణాళికను, కార్యక్రమాన్ని పరీక్షకు పెడుతుంది. కరెంటు కావాలంటే నది మీదే కట్టాలా, కడితే ఏ నది మీద, ఎన్ని, ఏ క్రమంలో, అసలు సరఫరాలో పోతున్న కరెంటును ఆపితే సరిపోదా? ఇలాంటివి దాని ప్రశ్నలు. ఈఐఏ దగ్గరికి ఫైలు వచ్చేసరికి వీటన్నిటికీ జవాబులు ఎక్కడో, ఎవరో ఇచ్చేసి ఉంటారు. ముహూర్తం పెట్టి శుభలేఖలు పంచాక సంబంధం మంచిదేనా అని ఆరా తీసినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అప్పటికి మార్చగలిగేది పందిరి ఎత్తు, భోజనాల వరస మాత్రమే.

రొండోనియా కథ ప్రపంచ బ్యాంకును ఊరికే వదల్లేదు. బ్రెజిల్ పర్యావరణవాది జోసె లుట్జెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాడు. 1985లో బ్యాంకు చెల్లింపులు ఆపింది. 1987 మే నెలలో బ్యాంకు అధ్యక్షుడు బార్బర్ కోనబుల్ వాషింగ్టన్‌లో మాట్లాడుతూ పొలొనొరొయెస్తెలో సంస్థ తప్పటడుగు వేసిందని బహిరంగంగా ఒప్పుకుని, కొత్తగా పర్యావరణ విభాగం పెడుతున్నట్టు ప్రకటించాడు. అదే ఏడాది రబ్బరు కూలీల నాయకుడు షికో మెండెస్ మయామిలో జరిగిన అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశానికి వెళ్లి, అదే రోడ్డును అక్రె రాష్ట్రంలోకి పొడిగించడానికి ఆ బ్యాంకు ఇస్తున్న అప్పును ప్రశ్నించాడు. ఆ చెల్లింపులూ ఆగాయి. 1988 డిసెంబరులో మెండెస్‌ను హత్య చేశారు.

చట్టాల వైపు నుంచి చూస్తే ఈ ఆలోచన ఇంకా పాతది. 1970 జనవరి 1న అమల్లోకి వచ్చిన అమెరికా జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రాజెక్టులకే కాదు, శాసన ప్రతిపాదనలకూ, పర్యావరణాన్ని చెప్పుకోదగ్గంతగా తాకే ప్రధాన ఫెడరల్ చర్యలన్నిటికీ ప్రభావ నివేదిక రాయమంది. ఆచరణలో మాత్రం రోడ్లు, వంతెనలు, ఆనకట్టలే ఆ నివేదికల్లో నిండిపోయాయి. విధానాలను పరీక్షించాలన్న వాక్యం చట్టంలో ఉండి కూడా ఏళ్ల తరబడి నిద్రపోయింది. 1980ల చివర బ్రిటన్‌లోని పరిశోధకులు దాన్ని వేరే పనిముట్టుగా విడదీసి దానికంటూ ఒక పేరు పెట్టారు.

అప్పులిచ్చే సంస్థలు ఈ దారికి రావడంలో నీతి కంటే ఒత్తిడి పాత్రే ఎక్కువ. ప్రపంచ బ్యాంకు తొలి పర్యావరణ మదింపు ఆదేశం 1989లో వచ్చింది. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ ఒక సవరణ చేసింది. బహుళపక్ష బ్యాంకుల్లో ఏదైనా పెద్ద ప్రాజెక్టు ఓటింగుకు వచ్చేటప్పుడు దాని పర్యావరణ మదింపు 120 రోజుల ముందే అందుబాటులో లేకపోతే అమెరికా ప్రతినిధి అనుకూలంగా ఓటు వేయకూడదు. ఆ సవరణ తెచ్చిన నాన్సీ పెలోసీ తర్వాత స్పీకరయ్యారు. 1991లో సవరించిన బ్యాంకు ఆదేశంలో రంగవారీ మదింపు, ప్రాంతీయ మదింపు అనే మాటలు ఉన్నాయి. ఒక రంగం మొత్తాన్ని, లేదా ఒక లోయ మొత్తాన్ని కలిపి చూడవచ్చని బ్యాంకు కాగితం మీద ఒప్పుకుంది.

నర్మద గొడవ ఆ కాగితానికి పదును పెట్టింది. ఆ నది మీది సర్దార్ సరోవర్ ఆనకట్టకు 1985లో 45 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. నిర్వాసితుల ఉద్యమం తర్వాత నియమించిన స్వతంత్ర సమీక్ష బృందం (బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్ అధ్యక్షుడు) 1992లో పునరావాసాన్నీ పర్యావరణ సన్నాహాన్నీ తప్పుపట్టింది. 1993 మార్చిలో మిగిలిన అప్పు తమకు అక్కర్లేదని భారత ప్రభుత్వమే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పుట్టింది. అప్పు వల్ల నష్టపోయినవాళ్లు నేరుగా ఫిర్యాదు చేసుకునే కిటికీ అది.

ప్రాజెక్టును ఒంటరిగా చూడటంలోని లోపం తెలియాలంటే సింగ్రౌలీ చూడాలి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ సరిహద్దులో రిహంద్ జలాశయం చుట్టూ బొగ్గు గనులు, వాటి పక్కనే వరసగా థర్మల్ కేంద్రాలు. అక్కడి మొదటి ఎన్‌టీపీసీ కేంద్రానికి 1977లో ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది. తర్వాత ఒక్కో కేంద్రం ఒక్కో ఫైలుగా, ఒక్కో సంస్థ చేతిలో, ఒక్కో అప్పుతో వచ్చింది. ప్రతి చిమ్నీ తన మటుకు తాను ప్రమాణాలకు లోబడినా, అన్ని చిమ్నీల పొగ కలిసేది ఒకే గాలిలో. బూడిద చెరువుల ఊట చేరేది ఒకే జలాశయంలోకి. ఒకసారి ఆనకట్ట కోసం, మరోసారి గని కోసం, ఇంకోసారి కరెంటు కోసం ఒకే కుటుంబం పలుమార్లు ఊరు మారిన కథలు అక్కడ మామూలే. 1997లో ఈ గొడవ ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగడితే అందులో సింగ్రౌలీ ఉంది.

ఇంతవరకూ కంటికి కనిపించే ప్రాజెక్టుల మాట. అభివృద్ధి రుణాల్లో మరో రకం ఉంది. అందులో సిమెంటు ఉండదు, ఇనుము ఉండదు, టెండరు ఉండదు. ప్రభుత్వం ఒక చట్టం మారుస్తుంది, ఒక సబ్సిడీ తగ్గిస్తుంది, ఒక బోర్డును ముక్కలు చేస్తుంది. అందుకు ప్రతిగా డబ్బు నేరుగా ఖజానాలో పడుతుంది. 1980లో ‘నిర్మాణాత్మక సర్దుబాటు’ పేరుతో మొదలైన ఈ పద్ధతిని 2004 నుంచి ‘అభివృద్ధి విధాన రుణం’ అంటున్నారు. కలప ఎగుమతి మీద పన్ను మారితే ఎంత అడవి పోతుందో చెప్పే ఈఐఏ ఉండదు, ఎందుకంటే కొలవడానికి స్థలమంటూ లేదు. 2004 నాటి నియమం ప్రకారం, తాను మద్దతిస్తున్న విధాన మార్పు వల్ల పర్యావరణం మీద, అడవుల మీద, పేదల మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉంటుందా లేదా అని బ్యాంకే తేల్చాలి. ఉంటుందనుకుంటే, దాన్ని తట్టుకునే వ్యవస్థ ఆ దేశానికి ఉందా అని చూడాలి. ‘తేల్చాలి’ అన్న ఆ ఒక్క క్రియ మీదే ఇరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ఏం జరిగిందో చూస్తే ఆ వాదన ఎందుకో అర్థమవుతుంది. అంతర్యుద్ధం తర్వాత ఆర్థిక పునరుద్ధరణకు బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో అటవీ సంస్కరణలు కూడా భాగం. కలప కంపెనీల లీజులను సమీక్షించి కొత్త పద్ధతిలో పెట్టడం, అడవిని మండలాలుగా విభజించడం వాటిలో ముఖ్యం. అడవిలోనే బతికే పిగ్మీ సముదాయాల సంఘాలు 2005లో ఫిర్యాదు చేశాయి. 2007లో ప్యానెల్ నివేదిక ఇచ్చింది. బ్యాంకు కలప ఆదాయాన్ని ఉన్నదానికంటే చాలా ఎక్కువగా ఊహించుకుందని, అడవిని నమ్ముకున్న మనుషులను తగినంతగా లెక్కలోకి తీసుకోలేదని అందులో తేలింది. ఒక్క చెట్టుకూ గొడ్డలి పెట్టని అప్పు అది.

ఈ వరుసలో తెలుగు నేల ముందే కనిపిస్తుంది. 1990ల చివర ప్రపంచ బ్యాంకు భారత విద్యుత్ రంగ పర్యావరణ సమస్యల మీద ఒక పెద్ద అధ్యయనం చేయించి 1998లో ప్రచురించింది. ఉదాహరణగా తీసుకున్న రాష్ట్రాలు రెండు, బీహార్, ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం పని హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసింది. ఒక థర్మల్ కేంద్రాన్ని కాకుండా రాష్ట్ర విద్యుత్ రంగం మొత్తాన్ని బల్ల మీద పరిచి, ఇలాగే కొనసాగితే ఏమవుతుంది, సంస్కరణలు చేస్తే ఏమవుతుంది, లైన్లలో నష్టాలు తగ్గిస్తే, బొగ్గు కడిగి వాడితే బూడిద, పొగ ఎంత తగ్గుతాయి అని దారులు పోల్చి చూశారు. తేలిన సారం, ధరల సంస్కరణ పర్యావరణానికీ మేలేనని. ఊరికే వచ్చే కరెంటు, దారిలో ఆవిరయ్యే కరెంటు తగ్గితే తగలబెట్టే బొగ్గు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

తర్కం సరైనదే. అయితే సంస్కరణ మందు రాసిచ్చిన డాక్టరే ఆ మందు పరీక్షా చేయించి బాగుందన్నాడన్న అనుమానం పాఠకుడికి వస్తే తప్పు లేదు. 1998లో రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్కోగా, ట్రాన్స్‌కోగా చీలింది, బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. బూడిద టన్నులూ పొగ టన్నులూ ఎంత జాగ్రత్తగా కూడినా, బిల్లు చేతిలో పట్టుకున్న మనిషి కోపం ఆ మొత్తంలోకి రాదు. తర్వాతి కాలంలో బ్యాంకు పత్రాల్లో ఈ మదింపు పేరు మధ్యలో ‘సామాజిక’ అన్న మాట వచ్చి చేరింది. అడవుల కార్బన్‌కు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి సహాయం పొందే దేశాలు ‘వ్యూహాత్మక పర్యావరణ, సామాజిక మదింపు’ చేసి తీరాలన్న నియమం వచ్చింది.

చట్టబద్ధత సంగతికొస్తే ఐరోపా ముందు నడిచింది. యూరోపియన్ యూనియన్ 2001లో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2004 జూలై నుంచి సభ్యదేశాల్లో ప్రణాళికలకు, కార్యక్రమాలకు ఎస్‌ఈఏ తప్పనిసరి. ఆ ఆదేశంలో ‘విధానాలు’ అన్న మాట లేదు. మంత్రివర్గం గదిలోకి మదింపును రానివ్వడానికి ఐరోపా కూడా సిద్ధపడలేదన్నమాట. 2003లో కీవ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఎస్‌ఈఏ ప్రోటోకాల్ 2010లో అమల్లోకి వచ్చింది. చైనా 2003 నుంచి ప్రణాళికలకు, వియత్నాం 2005 నాటి చట్టంతో వ్యూహాలకు, ప్రణాళికలకు దీన్ని తప్పనిసరి చేశాయి. భారతదేశంలో 1994, 2006 నాటి నోటిఫికేషన్లు రెండూ ప్రాజెక్టు ఈఐఏ దగ్గరే ఆగాయి. ఎస్‌ఈఏను తప్పనిసరి చేసే చట్టం మనకు లేదు. దాతల ప్రపంచంలో 2005 పారిస్ ప్రకటన దీనికి ఉమ్మడి పద్ధతులు తయారుచేద్దామంది, మరుసటి ఏడాది ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ మార్గదర్శకాలు ప్రచురించింది.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చెప్పడానికి ఘానా మంచి ఉదాహరణ. అప్పుల మాఫీకి షరతుగా పేద దేశాలన్నీ పేదరిక నిర్మూలన వ్యూహాలు రాసుకుంటున్న రోజులవి. ఘానా రాసిన మొదటి వ్యూహంలో పర్యావరణం ఒక విడి అధ్యాయంలా మిగిలిపోయిందన్న అసంతృప్తితో 2003లో ఆ దేశపు ప్రణాళికా సంఘం, పర్యావరణ సంస్థ కలిసి నెదర్లాండ్స్, బ్రిటన్ సాయంతో ఎస్‌ఈఏ మొదలుపెట్టాయి. బయటి కన్సల్టెంట్లు నివేదిక రాసి పోకుండా, మంత్రిత్వ శాఖల అధికారులనే కూర్చోబెట్టి వాళ్ల విధానాలను వాళ్లచేతే పరీక్షించారు. పెద్ద కాగితం మీద గళ్లు గీస్తారు. ఒక వైపు విధానాలు, మరో వైపు నీరు, నేల, అడవి, ఆరోగ్యం, ఆడవాళ్ల పని భారం. ప్రతి గడిలో ఎరుపో పచ్చో పడాలి. ఏ శాఖ విధానం పక్క శాఖ విధానాన్ని తొక్కుతోందో తెలుసుకోవడానికి విధానాలను విధానాలతోనే పోల్చే గళ్ల పట్టీ ఇంకొకటి. దేశంలోని దాదాపు అన్ని జిల్లాలూ తమ ప్రణాళికలకు ఈ పద్ధతి వాడి చూసుకున్నాయి. రెండో పేదరిక వ్యూహం రాసేటప్పుడు పర్యావరణం విడి అధ్యాయంగా కాక మిగతా అధ్యాయాల్లో కలిసింది. ఎస్‌ఈఏ చరిత్రలో విజయగాథలు తక్కువ. ఇది వాటిలో ఒకటి, బహుశా కలం అక్కడి అధికారుల చేతిలోనే ఉండబట్టి.

పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది కానీ ఎముకల గూడు ఒకటే. ఏ నిర్ణయాన్ని పరీక్షిస్తున్నాం, అది తీసుకునేదెవరు, ఎప్పుడు అని ముందు తేల్చుకోవాలి. ఇప్పుడున్న స్థితి కొలవాలి. ప్రత్యామ్నాయాలు పేర్చాలి, వాటిలో ‘ఏమీ చేయకపోవడం’ కూడా ఒకటి. వాటి ఫలితాలను పటాల మీద పటాలు పరిచో, భవిష్యత్ చిత్రాలు గీసో పోల్చాలి. జనంతో మాట్లాడాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. ఒక గని పెడుతుంటే ప్రజాభిప్రాయ సేకరణకు ఊరంతా షామియానా కిందికి వస్తుంది. ‘రాష్ట్ర ఖనిజ విధానం’ అంటే ఎవరొస్తారు? తమ ఊరి పేరు లేని కాగితం కోసం కూలి మానుకుని రావడం ఎవరికీ కుదరదు. అందువల్ల ఈ సంప్రదింపులు చాలాసార్లు రాజధాని హోటల్లో స్వచ్ఛంద సంస్థలు, ప్రొఫెసర్లు, అధికారుల మధ్య మధ్యాహ్న భోజనంతో ముగిసిపోతాయి.

ప్రపంచ బ్యాంకు 2005 తర్వాత కొన్ని ప్రయోగాత్మక మదింపులు చేయించింది. కెన్యా అటవీ చట్టం, సియెర్రా లియోన్ గనుల రంగం, ఢాకా మహానగర ప్రణాళిక, చైనా హుబెయ్ రాష్ట్ర రోడ్లు, పశ్చిమాఫ్రికాలో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ మూడు దేశాల ఉమ్మడి ఖనిజ వ్యూహం వాటిలో ఉన్నాయి. ఇవి పొగ, బూడిద టన్నుల లెక్క కంటే సంస్థల తీరు మీద దృష్టి పెట్టాయి. చట్టం ఉంది సరే, అమలు చేసే ఇన్‌స్పెక్టరుకు జీపు ఉందా? లైసెన్సు ఇచ్చే శాఖే తనిఖీ కూడా చేస్తోందా? గనికి గని తన రైలు దారి తాను వేసుకునే బదులు మూడు దేశాలూ కలిసి ఒకటి వేసుకోలేవా? ప్రశ్నలు బాగున్నాయి. కానీ ఇలాంటి మదింపు ఆయుష్షు, అడిగిన మంత్రి పదవీకాలమంత. 2007లో సియెర్రా లియోన్‌లో ప్రభుత్వం మారింది, 2008 చివర గినీలో సైనిక కుట్ర జరిగింది.

దీనికి భిన్నమైన దారి కొలంబియాది. 2006లో వెలువడిన దేశ పర్యావరణ విశ్లేషణ, పర్యావరణ నష్టాలన్నిటినీ డబ్బులోకి మార్చి చూసింది. మొత్తం స్థూల దేశీయోత్పత్తిలో 3.7 శాతం దాకా తేలింది. ఆ దేశపు పర్యావరణ సంస్థల దృష్టి ఎక్కువగా అడవుల మీద, నదీ పరీవాహకాల మీద ఉండేది. లెక్కలో మాత్రం నగరాల గాలి, మురికి నీళ్లు, కట్టెల పొయ్యి పొగ పెద్ద పద్దులుగా కనిపించాయి. జబ్బు పడేది పేదవాళ్లే. ఆర్థిక మంత్రులకు పర్యావరణ భాష ఎక్కదు, అంకెలు ఎక్కుతాయి. ఒక ప్రాణానికి ఇన్ని పెసోలని రాయడం ఇబ్బందికరమే, పని మాత్రం జరిగింది.

మన దేశంలో ఒకే నది మీద ఒకే బ్యాంకు నేర్చుకున్న పాఠం సట్లెజ్‌ది. నాథ్‌పా జాక్రి జలవిద్యుత్ కేంద్రం (1,500 మెగావాట్లు) కోసం ప్రపంచ బ్యాంకు 1989లో అప్పిచ్చింది. దాని నుంచి వదిలిన నీళ్లతోనే నడిచే రాంపూర్ (412 మెగావాట్లు) కోసం 2007లో మళ్లీ ఇచ్చింది. రెంటికీ విడివిడి ఈఐఏలు. ఈలోగా ప్రైవేటు కంపెనీలు అదే నదిని సొరంగాల్లోకి మళ్లించుకుంటూ పోయాయి. 2012లో హిమాచల్‌ప్రదేశ్‌కు ‘హరిత వృద్ధి’ పేరుతో 10 కోట్ల డాలర్ల విధాన రుణం ఇచ్చినప్పుడు, ఆ సంస్కరణల జాబితాలో సట్లెజ్ లోయ మొత్తానికి సంచిత ప్రభావ మదింపు చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఇంకా కట్టని ఉపనదులకు కొంత ఉపయోగం.

ప్రపంచ బ్యాంకు 2016లో ఆమోదించి 2018 అక్టోబరు నుంచి అమలుచేస్తున్న పర్యావరణ, సామాజిక చట్రంలో ఎస్‌ఈఏ ఒక పనిముట్టుగా ఉంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) 2009 రక్షణ విధానం కూడా దాని పేరు చెప్పింది. కానీ ఆ 2016 చట్రం వర్తించేది పెట్టుబడి ప్రాజెక్టులకు. విధాన రుణాలకు పాత నియమమే. ఫలితాలు చూపాక డబ్బిచ్చే ‘కార్యక్రమ’ రుణాలకు మరో నియమం. వాటిలో దేశం సొంత చట్టాలు, వ్యవస్థలు సరిపోతాయా అని మాత్రమే పరీక్షిస్తారు. విధానాలనే కదిలించే అప్పుల మీద నిఘా తక్కువ, కల్వర్టు కట్టే అప్పు మీద ఎక్కువ. ఎస్‌ఈఏ పుట్టుకలోని తర్కానికి ఇది నేరుగా ఎదురు.

ఈ తేడా అమరావతిలో కనిపిస్తుంది. 2014 ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ విజయవాడ, గుంటూరు ప్రాంతపు సారవంతమైన భూముల గురించి హెచ్చరించింది. ఆ ఏడాది చివరికి రాజధాని చోటు ఖాయమై, భూసమీకరణ మొదలైంది. 217 చదరపు కిలోమీటర్ల నగరానికి పర్యావరణ అనుమతి వచ్చింది. కృష్ణ వరద, కొండవీటి వాగు ముంపు వాదనలు విన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబరులో షరతులతో ఆ అనుమతిని నిలబెట్టింది. అదే ఏడాది కొందరు భూయజమానులు రాజధానికి ప్రపంచ బ్యాంకు ఇవ్వబోతున్న అప్పు మీద ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. 2019 జూలైలో కేంద్రం రుణ అభ్యర్థన వెనక్కి తీసుకోవడంతో ప్రపంచ బ్యాంకు తప్పుకుంది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ దాదాపు 79 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. ఈసారి రెండూ ఫలితాల ఆధారిత కార్యక్రమ రుణాలు. డ్రైనేజీ ఎలా, రోడ్లు ఎలా, భూమిలేని కూలీల ఉపాధి ఎలా అన్న ప్రశ్నలు వీటిలో ఉన్నాయి. రాజధాని ఎక్కడ అన్న ప్రశ్న పదేళ్ల కిందే బల్ల దిగిపోయింది.

ఎస్‌ఈఏ ఎంత నిక్కచ్చిగా మాట్లాడగలదో, ఆ మాటకు ఎంత విలువో రెండూ ఒకేచోట చూపించిన నది మెకాంగ్. దిగువ మెకాంగ్ ప్రధాన ప్రవాహం మీద 12 జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు ఒకేసారి ముందుకొచ్చాయి. ఎక్కువభాగం లావోస్‌లో, కొన్ని కంబోడియాలో. ఈ రెంటితోపాటు థాయ్‌లాండ్, వియత్నాం సభ్యులుగా ఉన్న మెకాంగ్ నదీ సంఘం వాటన్నిటినీ కలిపి చూడమని ఎస్‌ఈఏ చేయించింది. 2010 అక్టోబరులో నివేదిక వచ్చింది. అన్నీ కడితే దిగువ నదిలో సగానికి పైగా పొడవు నిదానంగా కదిలే జలాశయాల వరసగా మారుతుంది. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సుకూ ఎగువ నదికీ మధ్య తిరిగే చేపల దారి తెగుతుంది. డెల్టాకు చేరే ఒండ్రు ఆగిపోతుంది. కరెంటు లాభం థాయ్‌లాండ్, వియత్నాంల గిరాకీలో చిన్న వాటా, చేపల నష్టం పడేది నది ఒడ్డు పేదల కంచంలో. లాభం ఒకరికి, నష్టం మరొకరికి అని నివేదిక దాచకుండా చెప్పింది. నాలుగు దారులు చూపించి, అందులో ఒకదాన్ని సిఫారసు చేసింది. ప్రధాన నది మీద ఏ ఆనకట్టా పదేళ్లపాటు కట్టవద్దు, మూడేళ్లకోసారి సమీక్షించుకోండి.

నివేదిక అచ్చయ్యే సమయానికే లావోస్ సయబురి ఆనకట్ట (1,285 మెగావాట్లు) ఫైలును సంఘం ముందు పెట్టేసింది. ప్రపంచ బ్యాంకో ఏడీబీయో డబ్బు పెట్టాల్సిన ప్రాజెక్టయితే ఈ నివేదికను దాటడం కష్టమయ్యేదేమో. సయబురికి అప్పిచ్చింది థాయ్ వాణిజ్య బ్యాంకులు. కరెంటులో సుమారు 95 శాతం కొనేది థాయ్ విద్యుత్ సంస్థ. 2012 నవంబరులో శంకుస్థాపన, 2019 అక్టోబరులో ఉత్పత్తి. చేపలు ఎక్కి దిగడానికి మెట్లు, ఒండ్రు వదలడానికి తలుపులు డిజైన్‌లో చేర్చారు. నివేదిక అడిగిన ప్రశ్న అది కాదు. 2020లో లావోస్‌లోనే డాన్ సహోంగ్ ఆనకట్ట నడక మొదలుపెట్టింది, ఆ తర్వాత 1,460 మెగావాట్ల లువాంగ్ ప్రబాంగ్ ఆనకట్ట పని మొదలైంది. అభివృద్ధి బ్యాంకుల నియమాలు కట్టుదిట్టమయ్యేకొద్దీ డబ్బు మరో వాకిలి నుంచి వస్తుందన్నది 2010 తర్వాత ఆసియా, ఆఫ్రికాల్లో చాలాచోట్ల కనిపించిన సంగతే.

కంబోడియా మాత్రం తన భూభాగంలోని మెకాంగ్ మీద పదేళ్లపాటు కొత్త ఆనకట్టలు కట్టబోమని 2020 మార్చిలో వెల్లడించింది. స్టుంగ్ ట్రెంగ్, సంబోర్ ప్రతిపాదనలు రెండూ దాంతో పక్కకు జరిగాయి. 2010 నివేదిక అడిగింది కూడా పదేళ్లే.